గోడవైపు సగం

పోయిన వారం మన శిల్పి షెడ్డులో నేలమీద చతికిలబడి ఉండగా అలాగే వదిలేసి వచ్చేశాం. చేతిలోంచి జారిపోయిన చెక్క కత్తి కోసం తిరుగుడు బల్ల కింద తడుముతుంటే వేళ్ళకి చల్లగా ఒక బోల్టు తల తగిలింది, గుర్తుంది కదా. బల్లనీ దాని కింద ఉన్న సిమెంటు దిమ్మనీ కలిపి బిగించేసిన బోల్టు. ఆ బల్ల తుప్పు పట్టి తిరగడం మానేసిందని ఇన్నాళ్ళూ నమ్ముతూ వచ్చింది ఆమె. తుప్పూ లేదు, గిప్పూ లేదు. ఎవరో పనిగట్టుకుని ఆపేశారు.

కథలోకి ఈ వారమే అడుగుపెట్టిన వాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. కిందటేడు తలలో ఒక సన్నటి రక్తనాళం చిట్లి, ఆమెకి ప్రపంచంలో ఎడమవైపు మాయమైపోయింది. చూపు పోలేదు సుమండీ, కళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఎడమ అనేది ఒకటుందన్న ఎరుకే పోయింది. కంచంలో కుడివైపు సగం తినేసి, ఇంతేనా పెట్టేది అని ఇంట్లోవాళ్ళ మీద ఒంటికాలిమీద లేచేది. ఆస్పత్రిలో తన ఎడమ చేతినే చూసి, ఎవరిదో చెయ్యి నా మంచం మీద మర్చిపోయి వెళ్ళారు, పిలిచి ఇచ్చెయ్యమ్మా అని నర్సుతో దెబ్బలాడింది. ఒకటి లేదని తెలిస్తే మనిషి వెతుక్కుంటాడు. లేదన్న సంగతే తెలియకపోతే వెతికేదేముంది?

ఆ స్థితిలోనే ఇంటికొచ్చి మళ్ళీ మట్టి పట్టింది. స్టూళ్ళ మీద చిన్న చిన్న తలలూ, మొండేలూ చేసింది. ఆమెకి కుడిగా పడిన సగం నిండుగా, నరాలతో సహా వచ్చేది. ఎడమగా పడిన సగం ముద్ద మట్టి. ఎగ్జిబిషన్ హాలు నడిపే ఆమె తమ్ముడు అందులో రెండు తలలు తీసుకెళ్ళి హాల్లో పెట్టాడు. అంతే, పేరు మార్మోగిపోయింది. మనిషి జ్ఞాపకంలో ఎప్పుడూ సగమే మిగులుతుందని ఎంత బాగా చెప్పిందో అని రాశారు, మాట్లాడారు. ఇప్పుడామెకి చాలావరకు నయమైంది. కాస్త ప్రయత్నం చేస్తే ఎడమవైపూ కనిపిస్తోంది. పెద్ద ప్రదర్శన దగ్గర పడింది. దానికి నడిమధ్యన పెట్టాల్సిన నిలువెత్తు మట్టి బొమ్మ, ఒక ఆడమనిషి కూర్చున్న బొమ్మ, ఆ తిరగని బల్ల మీదే ఉంది. ముందు సగం పూర్తయింది. ఆమెకి ఎడమగా, గోడవైపు పడిన సగం తడి గోనెగుడ్డ కింద ఉంది. అది ఉత్త ముద్ద మట్టేననుకుని ఆమె ఎప్పుడూ విప్పి చూడలేదు. ఇవాళ మధ్యాహ్నం ప్లాస్టర్ వాళ్ళొచ్చి, బొమ్మ మీద ప్లాస్టర్ పోసి పోత తీసుకుంటారు. పోత తీస్తే మట్టి బొమ్మ చెదిరిపోతుంది. ఆ తర్వాత దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

అదీ సంగతి. ఇక పదండి.

*

తమ్ముడు వచ్చేటప్పటికి ఆమె స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పెద్ద పానా పెట్టుకుంది. తమ్ముడు పానా చూడలేదు. వాడు ఎప్పుడూ తనకి కావలసింది తప్ప ఇంకోటి చూడడు. సెంటు వాసన గుప్పుమనిపిస్తూ, చంకలో పోస్టర్ల చుట్ట పెట్టుకుని, ఈల వేసుకుంటూ లోపలికొచ్చాడు.

"అక్కా! ఒంటిగంటకల్లా ప్లాస్టర్ వాళ్ళు దిగిపోతారు. ఈలోపు నువ్వు ఏదైనా చివరి మెరుగు పెట్టుకుంటే పెట్టుకో. లేకపోతే హాయిగా నిద్రపో. మొత్తం నేను చూసుకుంటా."

"రా నాయనా, రా. కూర్చో."

అక్క 'నాయనా' అందంటే తన పని అయిపోయినట్టేనని వాడికి చిన్నప్పట్నుంచీ తెలుసు. కూర్చోలేదు. ఈల ఆపేశాడు.

"ఈ బల్ల ఎందుకు తిరగట్లేదురా?"

"తుప్పు పట్టిందనుకున్నాం కదా."

"నేను అనుకున్నాను. నువ్వేమనుకున్నావని అడుగుతున్నా."

"నేనేమనుకుంటాను? నాకేం తెలుసు ఇవన్నీ?"

"కిందకి వంగి చూడు."

"కొత్త ప్యాంటక్కా."

"చిరిగితే కొనిస్తా. వంగు."

వంగాడు. వంగినవాడు ఆశ్చర్యపోయినట్టు ఓ చిన్న కేక పెట్టాడు. నటన వాడికి ఎప్పుడూ రాదు. స్కూల్లో నాటకం వేస్తే చెట్టు వేషం ఇచ్చేవాళ్ళు, అదీ గాలికి ఊగడం మర్చిపోయేవాడు. ఆమె వాడి మొహం చూసింది. బోల్టు సంగతి వీడికి ముందే తెలుసు, అనుమానం లేదు.

"ఎవరు పెట్టారు?"

తమ్ముడు ప్యాంటు మోకాళ్ళు దులుపుకున్నాడు.

"సరే, నేను చెప్తా విను," అంది ఆమె. "స్టూలు తిరగదు. కాబట్టి స్టూలు మీద చేసినవి సగం సగంగా వచ్చాయి. దాన్ని నేను కాదనను. కానీ ఇది తిరుగుడు బల్ల. తిప్పితే ఏ పక్కయినా తిరిగి తిరిగి నా కుడిచేతివైపుకి రావాల్సిందే. వచ్చిందల్లా నేను చేసేదాన్ని. పోయింది నా ఎడమేగానీ నా చేతిలో పనితనం కాదు. ఈ బల్ల తిరిగుంటే ఈ బొమ్మ నిండుగా వచ్చేది. నిండుగా వస్తే నీ పోస్టర్లకి పనికిరాదు. అందుకని బిగించేశావు. అవునా?"

"అక్కా, నా మాట విను..."

"ఆ కాగితం ఇటివ్వు." వాడి చంకలోని చుట్టలోంచి ఒక పోస్టర్ లాక్కుని, ఎడమ అంచు దొరికేదాకా తల తిప్పి, అక్కణ్ణుంచి చదివింది. "సగంతో ఆగిపోవాలన్నది శిల్పి తీసుకున్న సాహసోపేతమైన నిర్ణయం. ఎవర్రా నిర్ణయించింది? నేనా, బోల్టా?"

"నేను కాదక్కా! ఒట్టు. పానా ఎటుపక్క పట్టుకోవాలో కూడా నాకు తెలీదు. ఇంట్లో బల్బు పోతే నీ మరదలే మారుస్తుంది."

ఆ మాట నిజమే. మరదలు బల్బు మారుస్తుంటే వీడు కింద నిలబడి జాగ్రత్తలు చెప్పడం ఆమె కళ్ళారా చూసింది.

"పెట్టలేదు సరే. ఉందని తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"తెలిసీ నోరు మూసుకున్నావు."

తమ్ముడు పోస్టర్ల చుట్ట కింద పెట్టాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాడో ఏమో, వాడి గొంతులో కూడా రోషం వచ్చింది. "మూసుకున్నాను. ఎందుకు మూసుకోను? ఇంతకుముందు నీ నిండు బొమ్మలు చూసి జనం బాగున్నాయండీ అనేవాళ్ళు. ఆ వెంటనే బాత్రూం ఎక్కడండీ అనేవాళ్ళు. ఎన్నేళ్ళు విన్నాను ఆ మాట! నీ సగం తలలు పెట్టిన రోజు హాలు మొత్తం నోరు మెదపలేదు. ఒకాయన వాటి ముందు నిలబడి తన చెంప తడుముకున్నాడు, ఉందో లేదోనని. నా అక్క ఇంత గొప్పదని నాకు ఎప్పట్నుంచో తెలుసు. ఊరికి తెలిసింది అప్పుడేనక్కా. దాన్ని చేతులారా పాడు చేసుకోమంటావా?"

ఆమెకి చివుక్కుమంది. కోపమైతే నోటితో పోయేది. ఇది వేరే. "అంటే నా చేతికి పేరు రావాలంటే నా బుర్ర చెడిపోవాలన్నమాట."

"నేను అలా అన్నానా?"

"అనలేదు. అదే అర్థం." ఆమె పానా కింద పెట్టి లేచి నిలబడింది. "ఒకటి చెప్తా విను. జబ్బు చేసింది నాకే. ఆ జబ్బుతో చేసిన బొమ్మ నాదే అంటే ఒప్పుకుంటా. కానీ పక్కనుంచి ఇంకొకరు బల్ల ఆపి, నా జబ్బుతో బొమ్మలు చేయించుకుంటే మాత్రం అది నాది కాదు. నా పేరు కింద దాన్ని పెట్టనివ్వను. పోతా లేదు, గీతా లేదు. ఈ మట్టంతా మధ్యాహ్నానికి మళ్ళీ తొట్లో నానుతుంది."

పక్కనున్న చెక్క సుత్తి తీసింది. ఆమె అన్నదంటే చేస్తుంది. పెళ్ళికి ముందు చేసిన మొదటి పెద్ద విగ్రహాన్ని ముక్కు కుదర్లేదని నలుగురి ముందూ పగలగొట్టిన మనిషి.

"బావనడుగు!" తమ్ముడు అడ్డంగా వచ్చి బొమ్మ ముందు చేతులు చాపాడు. కొత్త ప్యాంటుకి మట్టి అంటింది, పట్టించుకోలేదు. "బావే నాకు చెప్పాడు, ఆ బల్ల జోలికి వెళ్ళొద్దని. గోనెగుడ్డ కూడా ముట్టుకోవద్దన్నాడు. ముందు సగానికే పోత తీసుకోమని చెప్పిందీ ఆయనే. నన్నెందుకు చంపుతావు, ఆయన్నడుగు!"

సుత్తి గాల్లోనే ఆగిపోయింది.

ఆయనా? లైబ్రరీలో ఉద్యోగం చేసీ చేసీ గొంతు పెంచడమే మర్చిపోయిన మనిషి. జబ్బు చేసినప్పట్నుంచీ ఆమెకి ఎడమపక్కనే కూర్చునేవాడు. అక్కణ్ణుంచే మాట్లాడేవాడు. గొంతు వినపడుతోంది, మనిషేడీ అని ఆమె విసుక్కున్నా అటే ఉండేవాడు, వెతుక్కుంటూ ఆమె తల అటు తిప్పాలని. మంచంలో కూడా పక్క మార్చుకున్నాడు. డాక్టరమ్మ ఇచ్చిన మందులు ఎంత పనిచేశాయో తెలీదుగానీ, ఈ మొండితనం మాత్రం పనిచేసింది. ఆమెని ఎడమవైపుకి లాక్కొచ్చినవాడు ఆయనే. అలాంటి మనిషి బల్ల ఎందుకు ఆపుతాడు?

పిలవక్కర్లేకుండానే వచ్చాడు. రోజూ ఈ వేళకి గోడవైపు గోనెగుడ్డ తడపడానికి బకెట్టుతో నీళ్ళు తెస్తాడు. మట్టి ఆరి బీటలు వారకుండా ఇన్నాళ్ళూ కాపాడింది ఆయనే. గుమ్మంలో నిలబడి, భార్య చేతిలో సుత్తినీ, బావమరిది మొహాన్నీ, నేలమీద పానానీ వరసగా చూశాడు. బకెట్టు కింద పెట్టాడు.

"తెలిసిపోయిందా," అన్నాడు.

"ఏమండీ, ఆ బోల్టు మీరు పెట్టారా?"

"తెచ్చింది నేను."

"చూశావా! చూశావా!" తమ్ముడికి ప్రాణం లేచొచ్చింది.

"బిగించింది నువ్వు," అన్నాడు ఆయన భార్యతో.

ఆమె పకపకా నవ్వింది. "నా చెవిలో పువ్వేమైనా కనిపిస్తోందా మీకు?"

ఆయన నవ్వలేదు. స్టూలు లాక్కుని, ఎప్పట్లాగే ఆమెకి ఎడమపక్కన కూర్చున్నాడు. "ఆస్పత్రి నుంచి వచ్చిన మొదటి రోజులు నీకు గుర్తులేవు కదా."

గుర్తులేవు. ఆస్పత్రి మంచం గుర్తుంది. తర్వాత ఈ షెడ్డులో స్టూలు ముందు కూర్చోవడం గుర్తుంది. మధ్యలో ఎన్ని వారాలో, ఏం జరిగిందో, వెతికినా దొరకదు.

"వచ్చిన మర్నాడే ఈ బొమ్మ మొదలుపెట్టావు. అప్పుడు బల్ల తిరిగేది. నువ్వే తిప్పేదానివి. తిప్పిన ప్రతిసారీ అరిచేదానివి. ఎవరు ఈవిడ, నా బొమ్మనెవరు ఎత్తుకుపోయారు, ఈవిణ్ణి తెచ్చి ఇక్కడెందుకు పెట్టారు అని. కాస్త తిరిగితే చాలు, నీకది కొత్త మనిషే. అప్పటిదాకా చేసింది అటు వెళ్ళిపోయేది కదా. వెళ్ళిందంటే లేనట్టే నీకు. నేను వెనక్కి తిప్పితే, వచ్చేశావా అని దాన్ని పట్టుకుని ఏడ్చేదానివి. నీ ఏడుపు చూడలేక నేను బయటికెళ్ళి నిలబడేవాణ్ణి." ఆయన ఆగి చేతులు చూసుకున్నాడు. "ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి శాంతంగా బోల్టు అడిగావు. తెచ్చాను. టార్చి పట్టుకోమన్నావు. పట్టుకున్నాను. నువ్వే కిందకి దూరి బిగించావు."

"అబద్ధం."

"సరే, విప్పి చూసుకో."

ఆమె పానా తీసుకుని బల్ల కిందకి దూరింది. బోల్టు తల మీద పానా వేసి, కాలు దిమ్మకి తన్నిపట్టి, బలమంతా కూడదీసుకుని తిప్పింది. కూడదీసుకున్న బలమంతా వృథా. బోల్టు ఒక్క తిప్పుకే వదులైంది. ఇంత ప్లాస్టర్ దుమ్ములో, ఇంత తేమలో ఇన్నాళ్ళు ఉన్న బోల్టు ఇలా రాకూడదు. వేళ్ళతోనే తిప్పి బయటికి లాగింది. వెలుతురులోకి తెచ్చి చూసింది.

బోల్టు మరల సందుల్లో తెల్లగా, పొరలు పొరలుగా ఎండిన సబ్బు.

బోల్టు మరలకి తడి సబ్బు అరగదీసి బిగించడం ఈ షెడ్డులో ఒక్కరి అలవాటే. మామూలుగా బిగిస్తే ఈ దుమ్ముకి నాలుగు రోజుల్లో పట్టేస్తుంది, ఆపైన రంపంతో కొయ్యాల్సిందే. సబ్బు రాస్తే ఎప్పుడు కావాలంటే అప్పుడు ఊడొస్తుంది. స్నానాల గదిలో సబ్బు ఎలా అరిగిపోతోందో అర్థంకాక అత్తగారు బతికున్నన్నాళ్ళూ పనిమనిషిని అనుమానించింది.

"సబ్బు రాయమని మీరు చెప్పారా?" ఆమె గొంతు పీలగా వచ్చింది.

"నాకేం తెలుసు సబ్బు రాయాలని? తెమ్మంటే తెచ్చిచ్చాను. రాసుకుంటూ కూనిరాగం తీశావు కూడా."

ఆమె అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. భయమేసింది. జబ్బు చేసినప్పుడు వెయ్యలేదు, ఇప్పుడేసింది. తన చేతులతో, తన షెడ్డులో, తన మొగుణ్ణి పక్కన పెట్టుకుని ఇంకెవరో కొన్నాళ్ళు బతికి వెళ్ళిపోయారు. సబ్బు రాశారు, కూనిరాగం తీశారు, ఏడ్చారు. తనకి ఒక్క పిసరు గుర్తులేదు. కూనిరాగం ఏదో కూడా తెలీదు. ఎడమవైపు పోతే తల తిప్పి వెతుక్కోవడం నేర్పించారు. పోయిన రోజుల కోసం తల ఎటు తిప్పాలి?

బోల్టుని అరచేతిలో అటూ ఇటూ దొర్లించింది. మళ్ళీ చూసింది. సబ్బు మరీ ఎక్కువ కాదు, తక్కువ కాదు, సరిగ్గా పట్టాల్సినంతే పట్టించి ఉంది. మెల్లగా ఆమెకి గుండె కుదుటపడింది.

"ఆ మనిషెవరో నాకు తెలీదు," అంది. "కానీ పని తెలిసిన మనిషి."

తమ్ముడు ఊపిరి వదిలాడు.

"నీకు క్షమాపణ చెప్పనురోయ్, ఆశపడకు," అంది వాడితో, లేస్తూ. "నువ్వు బిగించలేదు, నిజమే. కానీ తెలిసి నోరు మూసుకున్నావు, ఆ బాకీ అలాగే ఉంది. ఒక్కటి మాత్రం ఒప్పుకుంటున్నా. నీ కాగితంలో రాసింది నిజమే. నిర్ణయం నాదే. నీకు తెలియకుండానే నిజం రాసేశావు."

"మా అక్క బంగారం! అయితే ప్లాస్టర్ వాళ్ళని రమ్మననా?"

"రానీ. ఈలోపు ఆ రెండో సగం నేను పూర్తిచేస్తా."

తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "కొంప ముంచకక్కా! సగం కోసమే కదా అందరూ వచ్చేది!"

"అది చేసినప్పుడు ఎడమ లేదు. ఇప్పుడుంది. ఎడమ కనబడని మనిషి సగం చేస్తే అది నిజం. అది కనబడుతున్న మనిషి సగం దగ్గర ఆగితే వేషం. నాకు వేషాలు రావు, నీలాగే." సుత్తి పక్కన పడేసి చెక్క కత్తి తీసుకుంది. చీర కొంగు బిగించి దోపుకుంది. బోల్టు పోయింది, బల్ల తిరుగుతుంది, చేతిలో పని ఉంది. ఇంతకంటే ఏం కావాలి ఆమెకి? మొహంలో వెలుగొచ్చింది. "పక్కకి జరుగు. ముద్దమట్టి మీద ఎంత పనుంటుందో చూడనీ. గంటలో భుజం తీస్తా, ఇంకో గంటలో..."

ఎడమ చెయ్యి బల్ల అంచుమీద వేసింది. ఏడాది కిందట ఎవరిదో, పిలిచి ఇచ్చెయ్యమన్న చెయ్యి అది. తొయ్యబోయింది.

భర్త లేచి వచ్చి బల్లకి అవతలి అంచుమీద అరచెయ్యి ఆనించాడు.

"వద్దు."

ఆయన నోట ఆ మాట ఆమె ఎప్పుడో గానీ వినలేదు. వద్దు అనాల్సి వస్తే ఆలోచిద్దాంలే అనే మనిషి.

"ఏం?"

"ఆ పక్క ఖాళీగా లేదు."

తమ్ముడు గోనెగుడ్డ వైపు చూశాడు. వాడికీ తెలీదని ఆమెకి అర్థమైంది.

"ఏముంది?"

"నువ్వు చేసిందే. ముందు ఆ పక్కే చేశావు. చేసి, గోడవైపుకి తిప్పి, అప్పుడు బోల్టు అడిగావు. కొత్త మనుషులు వస్తున్నారన్న భయం ఒక్కటే కాదు. ఆ పక్కని దాచడానికి అడిగావు. ఇన్నాళ్ళూ గుడ్డ తడుపుతూ చూస్తున్నది నేనొక్కణ్ణే." ఆయన బల్ల అంచు ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. "నాతో ఒట్టు వేయించుకున్నావు."

"ఏమని?"

"నాకు బాగైతే ఆవిడొస్తుంది, అన్నావు. వచ్చి, ఇదంతా తప్పు, నేను సరిచేస్తానని కూర్చుంటుంది. ఆవిడకి మాత్రం చూపించొద్దు అన్నావు."

"ఏ ఆవిడ?"

"నువ్వే. ఇప్పటి నువ్వు."

ఆమె తనని తను చూసుకుంది. చేతిలో చెక్క కత్తి ఉంది. కొంగు బిగించి ఉంది. తమ్ముడి ముందు గంటలో భుజం తీస్తానని ఇప్పుడేగా గొప్పగా చెప్పింది. సరిగ్గా ఆవిడ చెప్పినట్టే కూర్చోబోయింది. తనని ఎప్పుడూ చూడని మనిషి, తన గురించి అంత కచ్చితంగా ఎలా చెప్పింది? సిగ్గేసింది. ఆ సిగ్గు మీద వెంటనే కోపమొచ్చింది. ఓడిపోవడం ఆమెకి పుట్టినప్పట్నుంచీ చేతకాదు, తన చేతిలో తను ఓడిపోవడం అసలే చేతకాదు.

"చూపించొద్దనుకుంటే సబ్బెందుకు రాసింది?" అంది. "చెప్పండి. సబ్బు రాసి బిగించే వాళ్ళెవరైనా ఎప్పటికో విప్పడానికే రాస్తారు. వద్దనుకున్న మనిషి వట్టి బోల్టు బిగించి వదిలేస్తుంది. తుప్పే పట్టుకుని కూర్చునేది."

"చేతి అలవాటుకొద్దీ రాసిందేమో. నోటితో మాత్రం వద్దనే చెప్పింది."

"నోరు వద్దంది. చెయ్యి సరేనంది. నేను మట్టి పని చేసేదాన్నండీ. నాకు చేతి మాటే మాట."

ఆయన అరచెయ్యి మాత్రం అంచుమీంచి తియ్యలేదు.

"అక్కా, బావా," తమ్ముడు మధ్యలో దూరాడు, "మీరిద్దరూ కాస్త..."

"నువ్వు ఆగు." ఆమె భర్త మొహంలోకి సూటిగా చూసింది. "చెయ్యి తియ్యండి. ఆ పక్క ఏముందో చూడకుండా నా పేరు ఎలా పెట్టుకోను? చూసిన తర్వాత ముట్టుకుంటానో, ముట్టుకోనో అది నా ఇష్టం. మీరు ఒట్టు వేసింది ఆవిడకి. పెళ్ళి చేసుకుంది నన్ను. ఎవరి మాట వింటారో ఇక్కడే తేల్చండి."

ఈ మాటతో గెలిచేశాననుకుంది. వాదనలో ఆయన చేతిలో ఆమె ఓడిన రోజు లేదు.

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

"ఆవిడ కూడా నా భార్యే," అన్నాడు. "ఆవిడ ఏడుస్తుంటే పక్కనున్నది నేనే. నా మొహంలో సగమే కనిపించినా, ఆ సగాన్నే పట్టుకుని, మీరు తప్ప నాకెవరూ లేరనేది. నీకు బాగైన రోజు అందరూ సంబరపడ్డారు. నేనూ సంబరపడ్డాను. ఆవిడ వెళ్ళిపోయిందని మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరితో చెప్పుకోను? పక్కనే బతికున్న పెళ్ళాం కోసం ఏడిస్తే పిచ్చివాడంటారు. ఆవిడ నన్ను అడిగింది ఈ ఒక్కటే."

ఈసారి గెలిచింది ఆమె కాదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇది మొదటిసారి. రోజూ ఉదయం ఈ మనిషి బకెట్టుతో వచ్చి గోడవైపు సందులో ఎందుకంతసేపు ఉండిపోయేవాడో ఇప్పుడు తెలిసింది. మట్టి ఆరుతుందని కాదు. లేక, అది ఒక్కటే కాదు. ఆయన మీద జాలో, ఆవిడ మీద అసూయో, ఆమెకే తేలలేదు.

బయట లారీ హారన్ మోగింది. ప్లాస్టర్ వాళ్ళు ముందే వచ్చేశారు. తమ్ముడు అలవాటుగా గుమ్మం దాకా పరిగెత్తి, వెనక్కి తిరిగి వాళ్ళిద్దర్నీ చూసి, ఒక్క నిమిషం ఆగమన్నట్టు బయటికి చెయ్యి ఊపాడు. ఆ తర్వాత తనే తలుపు దగ్గరగా వేశాడు.

బల్లకి ఈ అంచుమీద ఆమె ఎడమ చెయ్యి. ఆ అంచుమీద ఆయన కుడి అరచెయ్యి. ఇద్దరి మధ్యా తడి గోనెగుడ్డ కప్పుకుని కూర్చున్న మట్టి మనిషి.

"వదిలెయ్యనా?" అని అడుగుదామనుకుంది ఆమె. నిజంగానే అనుకుంది. ఆయన కోసం ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా.

ఆయన అరచెయ్యి కింద బల్ల కిర్రుమంది. గుడ్డ అంచు గోడని ఒరుసుకుంటూ కదిలింది.

ఆమె ఇంకా తొయ్యలేదు.